పిన్ని పంపిన సీసా

కృష్ణలంక, విజయవాడ
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

పిన్ని పంపిన సంచీ అందింది. సున్నుండలు రెండు రోజుల్లో ఊదేశాం. బొప్పాయి ఆకు రసం, ఆ బలం టానిక్కు మాత్రం మూత తీయకుండా బీరువా మీద పెట్టాను. ఫోన్లో ఆవిడతో ఈ మాట అనలేకపోయాను. నువ్వే చెప్పాలి, అదీ మెల్లగా.

మా చిట్టికి ల్యుకేమియా, అదే బ్లడ్ క్యాన్సర్, అని తెలిసినప్పట్నుంచీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే పాట: "పిల్లకి రక్తం లేదు, రక్తం పట్టేవి పెట్టండి." దానిమ్మకాయలు, ఖర్జూరాలు, బీట్‌రూట్ గుట్టలు పడ్డాయి. చిట్టికి రక్తం తగ్గింది తిండి చాలక కాదురా. రక్తం తయారయ్యేది ఎముకల్లోని మూలుగలో. ముందు దాన్ని జబ్బు ఆక్రమించింది, ఇప్పుడు మందులు అణిచిపెడుతున్నాయి. పైగా రక్తం ఎక్కించిన ప్రతిసారీ ఐరన్ ఒంట్లో చేరుతూనే ఉంటుంది. ఇక మళ్ళీ ఐరన్ టానిక్కు దేనికి?

అసలు తంటా ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌తో. సీసా మీద చదివితే అందులో అదీ ఉంది. చిట్టికిచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. అది పనిచేసేదే ఫోలిక్ యాసిడ్‌కి అడ్డం పడి. మనం ఇంట్లో చెంచాతో అదే పోస్తే ఆ మందు పని చెడగొట్టినట్టే. విరుగుడు అవసరమైతే డాక్టర్లే గంటలు లెక్కపెట్టి ఇస్తారు.

ఇంకో సంగతి తెలుసా? ఇందులో మన భీమవరం ఆయన చెయ్యి ఉంది. యల్లాప్రగడ సుబ్బారావుగారు! అమెరికాలో లెడర్లే కంపెనీలో ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్‌నీ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, ఫోలిక్ యాసిడ్ రకం మందులిస్తే ల్యుకేమియా ముదురుతున్నట్టు చూసి, తిరగేసి అమినోప్టెరిన్ ఇచ్చాడు. కొందరు పిల్లలు కొన్నాళ్ళకైనా తేరుకున్నారని 1948లో రాశాడు. మెథోట్రెక్సేట్ దాని తమ్ముడే. పిన్ని పుట్టిల్లు భీమవరమే కదా, ఈ కథ ముందు చెప్పు. సీసా సంగతి ఆ తర్వాత ఎత్తు.

చిట్టి ఏం తింటోందని అడిగావు. ఏ వారం సంగతి చెప్పను?

మొదటి నెల స్టెరాయిడ్ మాత్రలు. అర్ధరాత్రి రెండింటికి లేచి "నాన్నా, పెరుగన్నం, ఆవకాయ" అని ఏడుపు. అది తిన్న గంటకి ఉప్మా. ఉప్పు, కారం, ఊరగాయ తప్ప ఇంకోటి కనబడేది కాదు. డాక్టరేమో బీపీ, షుగరు పెరుగుతాయి, ఉప్పూ తీపీ తగ్గించమన్నారు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, మూడు కిలోలు పెరిగింది. మేం సంబరపడ్డాం. డైటీషియన్ అమ్మాయి బరువు చూసి ఏమీ అనలేదు. టేపు తీసి చిట్టి జబ్బ చుట్టూ కొలిచింది. క్రితంసారి కంటే తగ్గింది! నీరూ కొవ్వూ పెరిగి, కండ కరిగిందన్నమాట. అప్పట్నుంచి రోజూ రెండు గుడ్లు, పచ్చసొన కూడా గట్టిపడేలా ఉడికించి. పప్పు ఎప్పుడూ ఉంటుంది.

విన్‌క్రిస్టీన్ ఇంజెక్షన్ పడ్డ వారం విరేచనం బిగిసిపోయి పొట్ట పట్టుకుని కూచునేది. నీళ్ళు, సొరకాయ కూర, అరటిపండు, వాళ్ళిచ్చిన సిరప్పు. ఇంకో ఇంజెక్షన్ ఉంది, ఆస్పరాజినేజ్. అది నడిచిన రోజుల్లో నూనె, నెయ్యి బాగా తగ్గించమన్నారు. పాంక్రియాస్, అదే పొట్టలోని క్లోమగ్రంథి, వాచే ప్రమాదం ఉందట, కడుపునొప్పి అంటే వెంటనే పరిగెత్తుకు రమ్మన్నారు. నెయ్యి లేకుండా పప్పన్నం పెట్టాల్సొచ్చిందని మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నేను చేసిన తప్పొకటి చెప్తాను. కీమోకి వెళ్ళే పొద్దున, పాపం కదా అని, తనకి ప్రాణమైన బూరెలు చేయించాను. నాలుగు తింది. మధ్యాహ్నానికి మొత్తం వాంతి. ఇప్పుడు బూరె పేరెత్తితే ముక్కు మూసుకుంటోంది. ఇష్టమైనవి ఆ రోజు మాత్రం పెట్టకూడదని తర్వాత తెలిసింది. తిన్నదానికీ వాంతికీ పిల్లల బుర్రలో ముడి పడిపోతుందట. వాసన కూడా అంతే. ఇంగువ తాలింపు చిటపటలాడితే చాలు, డోకు. అందుకే మీ చెల్లెలు చిన్న స్టవ్ మేడ మీద పెట్టి అక్కడే తాలింపు వేసుకొస్తోంది. ఎండలో చెమటలు కక్కుకుంటూ పోపు వేసే మనిషిని చూస్తే నవ్వూ వస్తుంది, ఇంకోటీ వస్తుంది.

ఇప్పుడు నోరంతా పూత. చల్లారిన రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, స్ట్రాతో మజ్జిగ. రెండేసి గంటలకి నాలుగు చెంచాలు. బలవంతం చేయడం మానేశాను. దిగకపోతే ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి తిండి పంపుతామన్నారు. నాకు టెన్షన్ వచ్చింది గానీ, ఆ గొట్టంతోనే కోలుకున్న పిల్లాడు మా పక్క మంచం మీదే ఉన్నాడు.

తెల్లకణాలు పడిపోయినప్పుడు బయటి తిండి బంద్. పునుగుల బండి దాటుతుంటే తల అటు తిప్పుకుంటుంది పిచ్చిది. అలాగని ఉడికించి ఉడికించి అన్నీ చప్పగా పెట్టమని కాదు. చేతులు కడుక్కోవడం, కాచిన నీళ్ళు, అప్పుడే వండింది వేడిగా పెట్టడం, తొక్క తీసి తినే బత్తాయి, కమలా. ఇంతే. దుర్గమ్మ లడ్డూ వస్తే తనకి కళ్ళకద్ది, మేం తింటాం.

మందులు ఆరోగ్యశ్రీలో వెళ్ళిపోతున్నాయి. గుడ్లూ పళ్ళూ ఆటోలూ మనవే. మొత్తం రెండున్నరేళ్ళంటున్నారు, చూద్దాం.

సంక్రాంతికి రా. జలుబుంటే మాత్రం గుమ్మం బయటే. శీను మావయ్య ఏం తెస్తాడని చిట్టి అడుగుతోంది. తినేది కాకుండా ఏదైనా తీసుకురా. రంగు పెన్సిళ్ళు చాలు.

సున్నుండల డబ్బా ఖాళీగా పంపకూడదని మా అమ్మ కందిపొడి కొట్టింది. కందిపప్పు వేయించింది మేడ మీదే.

నీ
రాము