పద్మకి, సాలినాస్ నుంచి కబుర్లు

ఒసేయ్ పద్మా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. మీ తమ్ముడు తండ్రి కాబోతున్నాడంటే నమ్మబుద్ధి కావట్లేదు, నిన్నగాక మొన్న మన వెనకాల పడి ఏడ్చేవాడు! వాడి భార్య, ఆ పిల్లకి ఐదో నెల అంటున్నావు, ఇంకా మిరప చేలోకి వెళ్తోందంటున్నావు. పురుగు మందు కొట్టే రోజు ఇంట్లో ఉంటే చాలదా అని అడిగావు. చాలదే. ఎందుకో ఫోన్లో చెప్తే సగంలో మీ అత్తగారు పిలుస్తారు, అందుకే రాస్తున్నా. కాఫీ పెట్టుకుని కూర్చో.

ఇక్కడ కాలిఫోర్నియాలో మా ఇంటి నుంచి కారులో గంటసేపు దక్షిణానికి వెళ్తే సాలినాస్ లోయ వస్తుంది. కనుచూపు మేర లెట్యూస్, స్ట్రాబెర్రీ. టోపీ మీద గుడ్డ కట్టుకుని కళ్ళు మాత్రమే కనపడేలా వంగి కోస్తుంటారు ఆడవాళ్ళు, ఎక్కువ మంది మెక్సికో నుంచి వచ్చినవాళ్ళే. 1999లో బర్కిలీ యూనివర్సిటీ నుంచి బ్రెండా ఎస్కెనాజీ అనే ఆవిడ తన బృందంతో ఇక్కడికి వచ్చి ఆరొందల మంది గర్భిణులను చేర్చుకుని ఒక అధ్యయనం మొదలుపెట్టింది. చామాకోస్ అంటారు దాన్ని. కడుపుతో ఉన్నప్పుడు వాళ్ళ మూత్రం పరీక్షించి అందులో ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగు మందుల ఆనవాళ్ళు ఎంత ఉన్నాయో రాసుకున్నారు. పిల్లలకి ఏడేళ్ళు వచ్చాక తెలివితేటల పరీక్ష పెట్టారు. మందు ఆనవాళ్ళు బాగా ఎక్కువున్న తల్లుల పిల్లలకి, బాగా తక్కువున్న తల్లుల పిల్లల కంటే సగటున 7 పాయింట్లు తక్కువ ఐక్యూ వచ్చింది. 2011లో అచ్చయింది ఇది. నన్ను పట్టేసింది ఇంకొకటి: పుట్టిన తర్వాత పిల్లల ఒంట్లో కనిపించిన మందుకీ ఐక్యూకీ అలాంటి లంకె కనపడలేదట. అంటే లెక్కకొచ్చింది కడుపులో ఉన్న ఆ కాలమే.

చేలో పనిచేసేవాళ్ళకే కదా అంటావేమో. న్యూయార్క్‌లో అసలు చేలే లేవు. అక్కడ అపార్ట్‌మెంట్లలో బొద్దింకల కోసం క్లోరిపైరిఫాస్ కొట్టేవాళ్ళు, అదీ ఆ రకం మందే, మన వాళ్ళు పత్తికీ చెదలకీ వాడేది. కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు నెలలు నిండుతున్న ఆడవాళ్ళకి గాలిని పీల్చి పట్టే మిషన్ ఉన్న బ్యాగు ఇచ్చి రెండు రోజులు వీపున మోయించారు. కాన్పప్పుడు బొడ్డుతాడు రక్తం తీసి మందు ఎంతుందో కొలిచారు. తర్వాత వాళ్ళలో 40 మంది పిల్లల మెదడుకి ఎమ్మారై తీస్తే, ఎక్కువ మందు తగిలిన పిల్లల మెదడు పైపొర కొన్నిచోట్ల మందంగా, కొన్నిచోట్ల పల్చగా తేడాగా కనిపించింది. ఇది 2012 మాట. ఈ తల్లులకి తగిలింది మామూలుగా ఇళ్ళలో కొట్టే మందే, అది గుర్తుపెట్టుకో.

అసలు సంగతి అక్కడే ఉంది. ఈ మందు పురుగు నరాల్లో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఎప్పటికప్పుడు తుడిచేసే ఎంజైమ్‌ని పట్టేస్తుంది. నరం ఆగకుండా కొట్టుకుని పురుగు చస్తుంది. అదే రసాయనం, అదే ఎంజైమ్ మనలోనూ ఉన్నాయి. పెద్దవాళ్ళకి వాంతులు, చెమటలు, చొంగ రావాలంటే ఆ ఎంజైమ్ బాగా దెబ్బతినాలి. ఇంత మోతాదు ఫర్వాలేదు అనే పరిమితులు కూడా చాలాకాలం దాన్ని చూసే పెట్టారు. కానీ ఎలుకల మీద ప్రయోగాల్లో, ఆ లక్షణాలేవీ రాని మోతాదుల్లోనే పిల్ల మెదడు కట్టుకునే తీరు మారింది. పైగా ఈ మందు మాయను దాటి బిడ్డకి చేరుతుంది. ఒంట్లో ఆ మందుని విరిచేసే ఇంకో ఎంజైమ్ పసిపిల్లల్లో పెద్దవాళ్ళలో ఉన్నంత ఉండదు, పెరగడానికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి "నాకేం కాలేదుగా" అన్న తల్లి మాట తన మటుకు నిజమే, బిడ్డ సంగతి అది చెప్పదు.

మీ అమ్మ ఏమంటుందో నాకు తెలుసు. "మేమంతా మందు చేలల్లోనే పనిచేశాం, మీకేమైంది?" ఏమైందో ఎలా తెలుస్తుందే? ఒక్క పిల్లని చూసి ఏడు పాయింట్లు తగ్గాయని ఎవరూ చెప్పలేరు. వందలమందిని పక్కపక్కన పెడితేనే బయటపడుతుంది. అలాగని భయంతో చచ్చిపోకండి. ఇవన్నీ సగటు లెక్కలు, ఆ పిల్ల బిడ్డకి ఇలా జరుగుతుందని కాదు. అన్ని అధ్యయనాలూ ఒకే మాట చెప్పలేదు కూడా, ఇక్కడే అమెరికాలో సిన్సినాటి ఊళ్ళో చేసినదాంట్లో ఇలాంటి లంకె కనిపించలేదు. అయినా జాగ్రత్త పడటానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది నాకు.

ప్రభుత్వాల సంగతి అడగకు, కోపం వస్తుంది. అమెరికాలో ఇళ్ళలో క్లోరిపైరిఫాస్ వాడకం 2001 నాటికి దాదాపు ఆపేశారు, చేలలో మాత్రం ఉంచారు. ఇంట్లో పిల్లలైతే పిల్లలు, కూలీల పిల్లలు కారా? 2017లో నిషేధం వద్దన్నారు, 2021లో కోర్టు తిడితే తిండి పంటలకి నిషేధించారు, 2023లో ఇంకో కోర్టు దాన్ని కొట్టేసింది. కాలిఫోర్నియా మాత్రం ఎవరికోసం ఆగకుండా 2020 చివరికల్లా దాదాపు అన్ని వాడకాలూ ఆపించింది. 2025లో స్టాక్‌హోం ఒప్పందం, అంటే ప్రమాదకర రసాయనాలని ఆపడానికి దేశాలన్నీ చేసుకున్న ఒప్పందం, దాని జాబితాలోకీ ఎక్కింది, బోలెడు మినహాయింపులతో.

ఇక మీ ఇంటి సంగతి. కొట్టిన మందు ఆరిపోయినా ఆకు మీద ఉంటుంది, కాయలు కోసే చేతులకి అంటుతుంది. అందుకే కాన్పయ్యేదాకా ఆ పిల్లని కోతలకి పంపొద్దు, మందు కలిపే చోటికి అసలే వద్దు. మీ తమ్ముడు మందు కొట్టి వచ్చిన బట్టలు ఆ పిల్ల చేత ఉతికించకండి, మిగతా బట్టల్లో కలపకండి. సాలినాస్‌లో కూలీల ఇళ్ళ దుమ్ములో కూడా మందు దొరికింది, బట్టలతో, చెప్పులతో ఇంట్లోకొస్తుంది మరి. డబ్బాలు వంటింటి అటక మీద పెట్టే అలవాటు మీకు ఇంకా ఉందేమో, అవి పొలంలో కొట్టానికి మార్పించు.

ఇంకొకటి, కొత్త గదికి చెదల మందు కొట్టిస్తామన్నావు. అది ఏ మందో డబ్బా మీద చూసి నాకు ఫోటో పెట్టు. ఆ పిల్ల పుట్టింటికి వెళ్ళాక కొట్టిద్దాంలే అంటారేమో, తిరిగొచ్చేది పసిబిడ్డతో. వద్దని చెప్పు. మీ తమ్ముడు వినకపోతే ఆదివారం ఫోన్ వాడికివ్వు, నేను మాట్లాడతాను.

నీ
సుధ