సరుకు పది శాతం పెరిగితే ప్లేటు ధర ఎంత పెరగాలి?

వచ్చే నెల నుంచి మా మెనూలో కొన్ని ధరలు మారుతున్నాయి. సరుకుల ధరలు పెరిగాయని ఒక ముక్క రాసి ఊరుకోవచ్చు. అదే మాట చెప్పి ఇష్టమొచ్చినంత పెంచేవాళ్లూ ఉన్నారు కాబట్టి, లెక్కే మీ ముందు పెడుతున్నాం.

బిల్లు 100 అయితే ముడిసరుకుకు 32, జీతాలకు 30, అద్దెకు 10, గ్యాసు, కరెంటు, నీళ్లకు 5 పోతాయి. ప్యాకింగు, సబ్బులు, రిపేర్లు, పగిలిన ప్లేట్లు, కార్డు ఛార్జీలు, లైసెన్సులు అన్నీ కలిపి మరో 18. మిగిలేది 5. పన్ను ఈ లెక్కలో లేదు, అది మా చేతిలో ఆగే డబ్బు కాదు.

ముడిసరుకు పది శాతం పెరిగితే 32 కాస్తా 35.20 అవుతుంది. 5 మిగలాల్సిన చోట 1.80 మిగులుతుంది. దాన్ని మళ్లీ 5కి తేవడానికి ధర మూడున్నర శాతం లోపు పెంచితే చాలు. కానీ ఈ వ్యాపారంలో చాలామంది ‘సరుకు ఖర్చు ఎప్పుడూ ధరలో 32 శాతమే ఉండాలి’ అన్న సూత్రం పట్టుకుని ప్లేటు మీద మొత్తం పది శాతం వేసేస్తారు. అద్దె, జీతాలు పెరగనప్పుడు ఆ సూత్రం తినేవాళ్ల జేబుకు చిల్లే.

అలా పెంచితే జనం తగ్గొచ్చు, అది మాకూ క్షేమం కాదు. పాత ధరల లెక్కలోనే నూరు బిల్లుల్లో ఐదు తగ్గాయనుకోండి, ఆదా అయ్యేది వాటి సరుకు, ప్యాకింగు మాత్రమే. అద్దె, వంటవాళ్ల జీతాలు అలాగే ఉంటాయి. బిల్లుకు సుమారు 60 చొప్పున 300 పోయి, 500 మిగులు 200కి దిగుతుంది.

పెంపు అన్ని వంటకాలకూ ఒకేలా ఉండదు. మాంసం కిలో 100కి కొన్నా, ఎముక, కొవ్వు తీశాక 800 గ్రాములే మిగిలితే కిలో 125 పడినట్టు. ఉడికేటప్పుడు అందులో పావు వంతు తగ్గి 600 గ్రాములకు వస్తే కిలో 167. అంటే మార్కెట్లో కిలోకు పది రూపాయలు పెరిగితే ప్లేటులోకి వచ్చేసరికి దాదాపు పదిహేడు రూపాయలు. ముళ్లు, తల తీసిన చేపకు తరుగు ఇంకా ఎక్కువ. ఉల్లిపాయకు తొక్కతో పోయేది పదో వంతే. అందుకే మాంసం, చేప, వేపుళ్ల ధరలు మారుతున్నాయి, కూరగాయలవి మారడం లేదు.

వేపుళ్లకు కారణం నూనె. పంట బాగున్నా ఒక్క ఉత్తర్వుతో ధర ఎగిరే సరుకు ఇది: 2022లో యుక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ నూనె రాక దెబ్బతింటే, ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. నూనె పిరమైనప్పుడు వంటింట్లో పుట్టే మొదటి దుర్బుద్ధి, మరిగిందాన్నే ఇంకో రెండు రోజులు లాగడం. నూనె మరిగేకొద్దీ అందులో పెరిగే చెడు పదార్థాలు, అంటే పోలార్ కాంపౌండ్లు, 25 శాతం దరిదాపుల్లోకి వస్తే పారబోయాలని చాలా దేశాల నిబంధన. అంతకు ముందే మార్చాలి. నూనె ఎక్కువ రోజులు రావాలంటే వేడి 180 డిగ్రీలు దాటకూడదు, మడ్డి రోజూ వడకట్టాలి, సరుకు తడి ఆరాకే వేయాలి, మూకుడు మీద ఉప్పు చల్లకూడదు.

ధర అలాగే ఉంచి ప్లేటులో తగ్గించడం అన్నిటికన్నా సులువు, ఎవరూ వెంటనే పట్టుకోరు. ఆ పని చేయం. కానీ తూకం మాత్రం గట్టిగా ఉంటుంది: 180 గ్రాములు వేయాల్సిన చోట చెయ్యి జారి 200 పడితే ఆ సరుకు ఖర్చు 11 శాతం పెరిగినట్టే. కొలత గరిటె చూసి పిసినారితనం అనుకోవద్దు.

డెలివరీ యాప్‌లో ధర ఎక్కువెందుకని అడుగుతుంటారు. కమీషన్ 25 శాతమైతే 100లో చేతికొచ్చేది 75. ఒక్క సరుకు, జీతాలు, అద్దెకే 72 పోతుంది. గ్యాసు, ప్యాకింగు ఇంకా రానేలేదు.

హాఫ్ ప్లేటు సగం ధరకు ఇవ్వలేకపోవడమూ ఇలాంటిదే. సగమయ్యేది సరుకు ఒక్కటే. అదే మంట, అదే మనిషి, అదే టేబులు. 100 ప్లేటుకు సరుకు 16 తగ్గితే హాఫ్‌కు 84 పడుతుంది. మేం 65కి ఇస్తున్నాం. ఖాళీగా ఉండే వేళల్లో టేబులు నిండితే చాలని.