పుట్టినరోజు చాక్లెట్ గురించి ఒక మాట

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, బస్సు వేళలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ పేజీలో మాత్రం చాక్లెట్ గురించి మీతో మాట్లాడాలి.

వేసవి సెలవుల్లో డాక్టరుగారు నాకు రక్తపరీక్ష రాశారు. మూడు నెలల సగటు షుగరును చూపే HbA1c 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగరు వ్యాధికి ముందు దశ అంటారు. "మందులు ఇప్పుడే వద్దు, ముందు ఐదారు కిలోలు తగ్గండి మేడమ్" అన్నారు. ఇంటికొచ్చి రోజూ ఏం తింటున్నానో రాయడం మొదలుపెట్టాను. అన్నం తక్కువే, టీలో పంచదార ఎప్పుడో మానేశాను. లెక్కలోకి రానిది నా టేబుల్ డ్రాయరు ఒక్కటే.

మన బడిలో 430 మంది పిల్లలు. సెలవుల్లో వచ్చేవి పోను, బడి ఉన్న ప్రతిరోజూ ఎవరిదో ఒకరి పుట్టినరోజు ఉన్నట్టే. కొత్త గౌను వేసుకుని, స్నేహితురాలిని తోడు తెచ్చుకుని, డబ్బా పట్టుకుని పాప గుమ్మంలో నిలబడుతుంది. ఒకటి తీసుకుంటే "ఇంకోటి తీసుకోండి మేడమ్" అంటుంది. ఆ ముఖం చూసి వద్దనడం ఎవరి తరం? అవన్నీ డ్రాయరులోకి చేరేవి. నాలుగింటికి బస్సులు వెళ్లిపోయాక, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు చేతికి అందేవి అవే.

25 గ్రాముల మిల్క్ చాక్లెట్‌లో సగానికి పైగా, అంటే దాదాపు మూడు చెంచాల పంచదార ఉంటుంది. కేలరీలు 130 పైమాటే. రెండు ఇడ్లీలు తిన్నంత, కానీ కడుపు నిండదు. అంత ఖర్చు కావాలంటే పెద్దవాళ్లు దాదాపు అరగంట నడవాలి. రోజు మొత్తానికి పెద్దవాళ్లకే 25 గ్రాముల లోపు పంచదార అయితే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పిల్లలకు ఇంకా తక్కువే చాలు.

మొదట పూర్తిగా మానేశాను. తొమ్మిదో రోజు రాత్రి ఫ్రిజ్‌లో ఉన్న పెద్ద బారు నిలబడే తినేశాను. ఆ తర్వాత పద్ధతి మార్చాను. ఇంట్లో పెద్ద ప్యాకెట్లు కొనడం ఆపాను. ఆదివారం భోజనమయ్యాక రెండు ముక్కలు, కూర్చుని, నెమ్మదిగా. డ్రాయరులో ఇప్పుడు వేయించిన శనగల సీసా ఉంది. ఐదు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. సాయంత్రం నడక కూడా మొదలుపెట్టాను కాబట్టి ఘనతంతా చాక్లెట్ తగ్గించడానిదే అనను. కానీ నాకు పనిచేసింది మొండిపట్టుదల కాదు, అది చేతికి అందకుండా చేసుకోవడం.

మన పిల్లల్లో చాలామంది ఇళ్లలో కొబ్బరిచెట్ల కింద కోకో ఉంది. మొన్న ఏడో తరగతి పిల్లల్ని ఒక తోటకు తీసుకెళ్లాం. కాయ పగలగొడితే తెల్లటి గుజ్జు, తియ్యగా పుల్లగా ఉంది. అందరూ చప్పరించారు. ఒక అబ్బాయి గింజ కొరికి, "అబ్బా, చేదు!" అని ఉమ్మేశాడు. ఐదారు రోజులు పులియబెట్టి ఎండలో ఆరబెట్టిన గింజ కూడా చేదే. మనకు అలవాటైన తీపి గింజది కాదు, తర్వాత కలిపిన పంచదారది.

డార్క్ చాక్లెట్ పెట్టవచ్చా అని కొందరు అడిగారు. అందులో పంచదార తక్కువే, కొవ్వు ఎక్కువ. కేలరీలు దాదాపు అంతే. షుగర్ ఫ్రీ వాటిలో పంచదార బదులు వాడే మాల్టిటాల్ వంటి తీపి పదార్థాలు ఎక్కువైతే పిల్లలకు కడుపు ఉబ్బరం, విరేచనాలు. ఇక బెల్లం పల్లీ చెక్క. పల్లీలు మంచివే, కానీ బెల్లంలోనూ పంచదారకు దగ్గరగానే కేలరీలుంటాయి.

ఒక్కటి మాత్రం బతిమాలి అడుగుతున్నాను. నా బరువు కథ చదివి పిల్లల చేత డైటింగ్ చేయించకండి. ఈ మధ్య ఒక పాప మధ్యాహ్నం డబ్బా మూత కూడా తీయలేదు. పక్కన కూర్చుని అడిగితే, "లావైపోతున్నానట మేడమ్" అంది, తల ఎత్తకుండా. అన్నది ఎవరో నేను అడగలేదు. ఎదిగే పిల్లలకు తిండి కావాలి. బరువు గురించి నిజంగా అనుమానముంటే పిల్లల డాక్టరుకు చూపించండి. ఎత్తును, వయసును కూడా చూసి వారు చెబుతారు. ఇంట్లో మాత్రం పిల్లల ముందు ఆ మాట వద్దు. తగ్గించేదేదైనా పెద్దవాళ్లం మనతో మొదలుపెడదాం. సాయంత్రం ఆకలితో ఇంటికొచ్చేసరికి జామకాయో, ఉడికించిన పల్లీలో, పెరుగన్నమో ఎదురుగా ఉంటే చాలు.

బడిలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని 2020లో నిబంధన తెచ్చారు. మన క్యాంటీన్‌లో అమ్మడం లేదు. కానీ పుట్టినరోజు డబ్బాలు నేనే లోపలికి రానిచ్చాను. డిసెంబరు 1 నుంచి ఆ అలవాటు ఆపుతున్నాం. పుట్టినరోజు పిల్లలు ఉదయం అసెంబ్లీలో తమకిష్టమైన కథ చదువుతారు, సాయంత్రం చివరి గంట వాళ్లే కొడతారు. కొత్త బట్టలు ఎప్పటిలాగే వేసుకుని రావచ్చు. ఈ నెల 14న బాలల దినోత్సవానికి చాక్లెట్ల బదులు జామకాయలు తెప్పిస్తున్నాం. ఇంట్లో చెట్టు ఉన్నవారు 12వ తేదీలోగా ఆఫీసులో చెబితే అవే తీసుకుంటాం. ఈ నెల పుట్టినరోజుకు ఇప్పటికే ప్యాకెట్ కొని ఉంటే పంపించండి, ఏ బిడ్డనూ వెనక్కి పంపం.

ఇట్లు,
మీ ప్రిన్సిపాల్