సంతకం పెట్టే ముందు ఒక్క ఫోను చెయ్యి

విజయనగరం,
సంక్రాంతి వెళ్ళిన వారం.

చి.ల.సౌ. సంధ్యకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, చింటూ క్షేమమని తలుస్తాను.

కనుమ నాటికైనా వస్తారని మీ అమ్మ చూసింది. నీకోసం తీసి ఉంచిన అరిసెలను, భీమాళి తాండ్రను, కొత్తగా మర పట్టించిన చోడిపిండిని రామం బావ చేతికిచ్చి పంపుతున్నాం. అతను శుక్రవారం విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరుతున్నాడు. పిండిని తెచ్చిన సంచిలోనే ఉంచెయ్యక డబ్బాలో పోసుకో. పెరట్లో చిక్కుడు పాదు విరగకాసింది. పెద్దత్త కొత్త ఇంటి గొడవ ఇంకా తెమలలేదు.

పండుగకు వచ్చిన శంకరంగారి అబ్బాయి మనింట్లో కాసేపు కూర్చుని వెళ్ళాడు. మీ ఆఫీసులో మనుషులను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి రాజీనామాలు రాయించుకుంటున్నారని, పొద్దున్న వచ్చినవారి కార్డు మధ్యాహ్నానికి గేటు దగ్గర పనిచేయడం లేదని అతను ఎవరి ద్వారానో విన్నాడట. అతను పనిచేసేది వేరే కంపెనీ కనుక విన్న మాటలో ఎంత నిజముందో నేను చెప్పలేను. నిన్ను నిలదీయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కాని ఆదివారం తప్పకుండా ఫోను చేసే పిల్లవు, ఈమధ్య "మీటింగులో ఉన్నాను నాన్నా" అన్న ఒక్క ముక్క పంపి ఊరుకుంటున్నావు. చింటూకు దగ్గు తగ్గిందా?

పేపరులో ఇటువంటి వార్తలు చదువుతూనే ఉన్నాను. 2023 జనవరిలో గూగుల్ పన్నెండు వేల ఉద్యోగాలు తీసివేస్తున్నట్టు ప్రకటించినప్పుడు, చాలామందికి ఆ సంగతి మెయిలు చూసుకున్నాకే తెలిసింది. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు రెండు శాతాన్ని, అంటే పన్నెండు వేలమందికి పైగా తగ్గిస్తామని చెప్పింది. ఇక మీ రేటింగుల పద్ధతి ఉంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ అధిపతిగా ఉన్న జాక్ వెల్చ్ ఏటా ఉద్యోగులను వరుసలో నిలబెట్టి, అడుగున ఉన్న పది శాతాన్ని పంపించివేయాలని నియమం పెట్టాడు. పదిమందీ ప్రాణం పెట్టి పనిచేసినా ఆ లెక్కలో పదోవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. అది లెక్క పెట్టిన తీరు తప్ప ఆ మనిషి లోపం కాదని నువ్వు గట్టిగా నమ్మాలి.

నేను పనిచేసిన గోనెసంచుల మిల్లులో జరిగింది నీకు పూర్తిగా చెప్పినట్టు లేదు. అప్పటికి నువ్వు మూడో తరగతి. గోగునార రావడం తగ్గిందనీ, గోనెసంచులకు ఆర్డర్లు లేవనీ చెబుతూ యాజమాన్యం ముందు బదిలీ కార్మికులను, అంటే రానివారి బదులు పనిచేసేవారిని, మానిపించింది, తరువాత పర్మనెంటు వారిని వంతులవారీగా ఆఫీసు గదిలోకి పిలవసాగింది. అక్కడ ముగ్గురు కూర్చునేవారు, తలుపు వేసి ఉండేది. ఈ రోజే సంతకం పెడితే ఇంత డబ్బు, రేపైతే ఏమీ రాదు అని చెప్పేవారు. నారను మెత్తబరిచే బ్యాచింగు విభాగంలో పనిచేసే ముత్యాలప్ప వంతు వచ్చింది. ఆమెకు చదువు రాదు. వేలిముద్ర వెయ్యమని ఇంకుప్యాడు ముందుకు జరిపితే, "మా బాబు బడినుంచి వచ్చి చదివాక వేస్తాను, ఇవాళే ఎందుకు వెయ్యాలి?" అని అడిగిందట. గంటసేపు కూర్చోబెట్టినా, కసిరినా, ఆమె చెయ్యి కొంగులోంచి బయటకు తియ్యలేదు. ఆ కాగితాన్ని తరువాత యూనియన్ ఆఫీసులో చదివారు. నా ఇష్టప్రకారమే పని మానుకుంటున్నాను, ఇకపై నాకు ఏ హక్కూ లేదు అని అందులో ఉంది. నెల తిరగకుండా ఒక రోజు 'ఏ' షిఫ్టు (మొదటి షిఫ్టు) వేళకు గేటుకు లాకౌటు నోటీసు అంటించి ఉంది. వివాదం కార్మికశాఖకు వెళ్ళినప్పుడు సంతకాలు పెట్టినవారిని "మీరే మానుకున్నారు కదా" అన్నారు. ముత్యాలప్ప వంటివారి విషయంలో మాత్రం నేను టైమాఫీసులో రాసిన హాజరు పట్టీలు తెప్పించి, పరిహారానికి కావలసినట్టు ఏడాదిలో 240 రోజులు పనిచేశారో లేదో లెక్క చూశారు. ఏళ్ళు పట్టింది గాని ఆమెకు నష్టపరిహారం దక్కింది. ఆ డబ్బుతోనే ఆ బాబు ఐటీఐ చదివాడు. ఆ గది, వేసిన ఆ తలుపు, ఇవాళే అన్న ఆ తొందర మీ దగ్గరా అలాగే ఉన్నాయని వింటుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

అందుకని చెబుతున్నాను, విసుక్కోకు. కార్మికుడిని తీసివేస్తే ఒక నెల నోటీసు గాని దానికి బదులు జీతం గాని ఇవ్వాలని, పూర్తిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం చెల్లించాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ మాటను ఉంచింది. అయితే కర్మాగారాన్ని మూసేందుకు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన హద్దును వందమంది నుంచి మూడు వందలకు పెంచింది, అది నాకు న్యాయంగా తోచదు. నీ హోదా కార్మికుల కిందికి వస్తుందా, మేనేజర్ల కిందికి వస్తుందా అన్నది వకీలు చూసి చెప్పాలి. ఏదైనా, నువ్వే రాజీనామా ఇచ్చావంటే అది తొలగింపే కాదంటారు. ఐదేళ్ళు దాటాయి కనుక గ్రాట్యుటీ మాత్రం రాజీనామా ఇచ్చినా నీదే. జీతం బకాయిలను రెండు పనిదినాల్లో తేల్చాలని వేతనాల కోడ్‌లో ఉంది.

జీతం చీటీలు, నియామక పత్రం, ఏటా మెచ్చుకుంటూ ఇచ్చిన కాగితాలు ఆఫీసు ల్యాప్‌టాపులో మాత్రమే ఉంటే అవి నీవి కానట్టే. వాటిని ఇంటికి తెచ్చుకో. మా హాజరు పట్టీలు కాగితం మీద ఉన్నాయి కనుక సాక్ష్యానికి వచ్చాయి, మీవి ఒక మీట నొక్కితే మూతపడతాయి. పీఎఫ్ ఖాతాకు నీ సొంత ఫోను నంబరు ఉందో లేదో చూసుకో. గదిలోకి పిలిస్తే, చదువుకుని రేపు చెబుతానని లేచి వచ్చెయ్యి. అల్లుడుగారికి ఆ రోజే చెప్పు, దాచకు.

మీ అమ్మ మోకాలి ఆపరేషను నీ ఆఫీసు ఇన్సూరెన్సు మీదే అనుకున్నాం కదా. ఉద్యోగంతోపాటే ఆ బీమా కూడా పోతుందని శంకరంగారి అబ్బాయి అన్నాడు. ఆ ఆపరేషను కోసం నువ్వు ఎన్ని మాటలైనా పడి అక్కడ ఉండనక్కరలేదు. డాక్టరుగారు ఈ ఏడాదికి మాత్రలతో నడిపించవచ్చన్నారు, నేను కనుక్కునే రాస్తున్నాను. ఫ్లాటు వాయిదాలు రెండు మూడు నెలలు కట్టవలసివస్తే పోస్టాఫీసులో వేసినది ఉంది. అది నీ పెళ్ళి నాటి నుంచీ నీ పేరు చెప్పుకుని వేస్తున్నదే. చింటూ బడి మార్చే ఆలోచన మాత్రం ఇప్పుడే పెట్టుకోవద్దు.

రాత్రిళ్ళు పన్నెండు దాకా ఆ కంప్యూటరు ముందు కూర్చోకు, పూట తప్పకుండా తిను. ఈ ఆదివారం పది గంటలకు నేను ఫోను దగ్గరే ఉంటాను. మీ అమ్మ గుడికి వెళ్ళే వేళ అది, ఆమె ముందు చెప్పలేనిదేమైనా ఉంటే అప్పుడు చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న