రోజుకు ఒక శాతం స్టేకింగా?

సంపాదకులకు నమస్కారం. పలాసలో జీడిపప్పు వ్యాపారం నాది. కిందటి నెల తెలిసిన కుర్రాడొకడు వచ్చి, ఫోన్‌లో పచ్చ గీత చూపించి, ‘స్టేకింగ్ మావయ్యా, రోజుకు ఒక శాతం’ అన్నాడు. నలభై వేలు పంపాను. వారం పాటు అంకె పెరిగింది. తీద్దామంటే ‘లాక్’ అని వస్తోంది, కుర్రాడు ఫోన్ ఎత్తడు.

మా మేనకోడలు అప్పుడు విడమరిచి చెప్పింది. స్టేకింగ్ అంటే మన క్రిప్టో నాణేలను పూచీగా పెట్టి, లావాదేవీలు సరిచూసే పనికి ప్రతిఫలం పొందడమట. ఈథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ 2022 సెప్టెంబరులో ఈ పద్ధతికి మారింది. సొంతంగా వ్యాలిడేటర్ (లావాదేవీలు సరిచూసే కంప్యూటర్) నడపాలంటే కనీసం 32 ఈథర్ (ఈథీరియం నాణేలు) పూచీగా పెట్టాలి. లావాదేవీలు సరిచూసినందుకు వచ్చేది ఏడాదికి మూడు శాతం అటూ ఇటూ. మోసం చేస్తే పూచీలో కోత. ఏడాదికి మూడు ఎక్కడ, రోజుకు ఒకటి ఎక్కడ! పిక్క కోసి చూడనిదే బస్తా దించుకోని నేను, ఇక్కడ మాత్రం గీత చూసి పడిపోయాను.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉందన్న సంగతీ ఇక్కడ చాలామందికి తెలీదు. జిల్లా పేజీలో వారానికో చిన్న పెట్టె కట్టి ఇవన్నీ తేలిక మాటల్లో రాయించండి.

– ఒక పాఠకుడు, పలాస, శ్రీకాకుళం జిల్లా