లైటు ఆర్పి పంపుతున్నారు, లోపం అలాగే ఉంది

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసే వ్యవస్థ) హెచ్చరిక లైటు, సరిగా చూడకుండానే యూనిట్ మార్చాలన్న మీ అధీకృత సర్వీస్ సెంటర్ గురించి.

అయ్యా,

నాది మీ కంపెనీ హ్యాచ్‌బ్యాక్. వారంటీ ఇంకా ఉంది. వానలు మొదలైనప్పటి నుంచి డ్యాష్‌బోర్డులో పసుపు రంగు ఏబీఎస్ లైటు వెలుగుతోంది. బండి స్టార్ట్ చేసినప్పుడు మామూలుగానే వెలిగి ఆరుతుంది. కాస్త దూరం పోయి స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పితే చాలు, మళ్లీ వెలిగి ఇక ఆరదు. ఈ మాట సర్వీస్ అడ్వైజర్‌కు మొదటి రోజే చెప్పాను. జాబ్ కార్డులో "ఏబీఎస్ లైట్ ఆన్" అని మాత్రం రాసుకున్నారు. స్టీరింగ్ ఊసే లేదు.

స్కానర్ పెట్టి, బండి కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్ క్లియర్ చేసి, బండి శుభ్రంగా కడిగి ఇచ్చారు. ఇల్లు చేరేలోపే లైటు మళ్లీ వచ్చింది. మళ్లీ తీసుకెళ్తే మళ్లీ అదే పని. జ్వరమని వెళ్తే థర్మామీటరు విదిలించి పాదరసం కిందికి దింపి పంపినట్టుంది. చివరికి ఏబీఎస్ యూనిట్ పోయిందని, నీళ్లు వెళ్లాయి కాబట్టి వారంటీ వర్తించదని 46 వేల రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. నీళ్లు ఎక్కడికి వెళ్లాయో చూపించమంటే చూపించలేదు. స్కాన్ రిపోర్టు ప్రింటు అడిగితే "సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదు సార్" అన్నారు.

ఆటోనగర్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన బండి నెమ్మదిగా నడిపిస్తూ నాలుగు చక్రాల వేగం స్కానర్‌లో చూశారు. స్టీరింగ్ ఎడమకు తిప్పగానే ముందు ఎడమ చక్రం రీడింగ్ ఒక్కటే సున్నాకి పడిపోయింది. చక్రం విప్పితే, చక్రం వేగాన్ని ఏబీఎస్‌కు తెలిపే స్పీడ్ సెన్సర్ వైరును పట్టి ఉంచాల్సిన క్లిప్ లేదు. వైరు వేలాడి లోపలి అంచుకు ఒరుసుకుని, పైతొడుగు అరిగి, రాగి తీగ పచ్చబడి కనిపిస్తోంది. ఫొటోలు, వీడియో తీశాను. ఆయన్ని మాత్రం చెయ్యి పెట్టనివ్వలేదు, బయట పని చేయించారని మీవాళ్లు ఉన్న వారంటీ కూడా కొట్టేస్తారేమోనని.

"లైటు వెలిగినా బ్రేకులు పడతాయి, టెన్షన్ పడకండి" అన్నారు మీ అడ్వైజర్. మామూలు బ్రేకులు పడతాయి, నిజమే. కానీ తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు లాకై, స్టీరింగ్ తిప్పినా బండి తిరగకపోవచ్చు. అందుకే కదా 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి చేసింది! దీనితో పాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే బండి ఆపేయాలని మీ మాన్యువల్‌లోనే ఉంది. ఆ ముక్క కూడా మీ వాళ్లెవరూ చెప్పలేదు. పిల్లలతో హైదరాబాద్ హైవే మీద వెళ్లేవాణ్ణి, ఇప్పుడు ఊరు దాటడం మానేశాను.

సెన్సర్, వైరు, క్లిప్ వారంటీలోనే మార్చాలి. ఆ తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, స్టీరింగ్ ఎడమకు తిప్పి టెస్ట్ డ్రైవ్ చేయాలి. చెకింగ్ పేరుతో వసూలు చేసిన చార్జీలు వాపసు ఇవ్వాలి. యూనిట్ పోయిందని ఏ పరీక్ష చేసి తేల్చారో రాతపూర్వకంగా చెప్పాలి, ఫోన్‌లో క్షమాపణలు వద్దు.

జాబ్ కార్డులు, ఎస్టిమేట్, ఫొటోలు జతచేశాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్,
విజయవాడ