చార్టు మీద 6/6, పేపరు మీద మసక: వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు టీచర్‌ని. వయసు 49. ట్రాన్స్‌ఫర్ కోసమో, డీఏ కోసమో రాస్తున్న ఉత్తరం కాదు లెండి, వాటిని అడగడానికి మా సంఘాలున్నాయి. ఇది కళ్ళ గురించి, పొడిబారిపోయే కళ్ళ గురించి.

రెండేళ్ళ కిందట ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళాను. రోజుకు నలభై పేపర్లు. బయట ఎండ మండిపోతోంది, హాల్లో ఫ్యాన్లన్నీ ఫుల్ స్పీడులో తిరుగుతున్నాయి. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇరవై ఏడో పేపరో, ఇరవై ఎనిమిదో పేపరో తీశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. మొదటి లైను శుభ్రంగా కనిపించింది. రెండో లైను సగానికి వచ్చేసరికి అక్షరాలు నీళ్ళలో పడ్డట్టు కదిలాయి. రెప్ప కొట్టాను, నిలబడ్డాయి. నాలుగు మాటలు చదివానో లేదో మళ్ళీ కదిలాయి. మన లిపిలో ‘ద’కీ ‘ధ’కీ తేడా కింద ఉండే చిన్న గీతే కదా. ఆ గీత ఉందో లేదో చూడటానికి ప్రతి మాట దగ్గరా ఆగి రెప్ప కొట్టాల్సి వచ్చింది. సాయంత్రం టోటల్స్ చూసే స్పెషల్ అసిస్టెంట్ నా దగ్గరకొచ్చి ఒక పేపరు ముందు పెట్టాడు. లోపల నేనే వేసిన 4ని పై పేజీలో 1గా ఎక్కించాను. మూడు మార్కులు. “మేడం, కళ్ళజోడు మార్పించుకోండి” అన్నాడు కుర్రాడు, మర్యాదగానే.

కళ్ళజోడు అప్పటికే రెండుసార్లు మార్పించాను.

అంతకు ముందు మా మండలంలో పెట్టిన ఒక కంటి శిబిరానికి కూడా వెళ్ళాను. కుర్చీలో కూర్చోబెట్టి ఒక కన్ను మూయించి చార్టు చదవమన్నారు. రెప్ప కొట్టి గబగబా చదివేశాను. చివరి వరసతో సహా. కాగితం మీద 6/6 అని రాసి, “కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి, బీపీ చూపించుకోండి” అన్నారు. వాళ్ళ తప్పు లేదు. ఆ చార్టు అడిగేది ఒక్కటే: ఈ క్షణంలో ఈ అక్షరం కనిపిస్తోందా? రెప్ప కొట్టిన క్షణంలో నాకు కనిపిస్తుంది. ఐదో సెకన్లో కనిపిస్తోందా అని చార్టు అడగదు. మేం బతికేది మాత్రం ఆ ఐదో సెకన్లోనే మంత్రి గారూ.

మీరు ఒక పని చేసి చూడండి. మీ టేబుల్ మీదున్న ఏదో ఒక ఫైలు తెరిచి, రెప్ప వేయకుండా ఇరవై సెకన్లు చదవండి. మొదట మంట పుడుతుంది, తర్వాత అక్షరాల అంచులు చెదురుతాయి, ఆ తర్వాత నీళ్ళొస్తాయి. మీరు రెప్ప వేస్తే అంతటితో అది అయిపోతుంది. మాకు అది రోజంతా జరుగుతుంది.

కంటి ముందు భాగంలో కన్నీటి పొర ఒకటి ఉంటుంది. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అడుగున జిగురు, మధ్యలో నీరు, పైన రెప్పల అంచుల్లోని సన్నటి గ్రంథుల నుంచి వచ్చే నూనె. వెలుతురు కంట్లోకి వెళ్ళేటప్పుడు మొదట వంగేది ఈ పొర దగ్గరే, అన్నిటికన్నా ఎక్కువగా వంగేదీ ఇక్కడే. పొర నున్నగా ఉంటే చూపు నిలుస్తుంది. నీరు తక్కువైనా, ఆవిరి కాకుండా కాపాడే నూనె తక్కువైనా ఎండాకాలం చెరువు ఒండ్రు నెర్రెలిచ్చినట్టు మచ్చలు మచ్చలుగా పగిలిపోతుంది. ఆరోగ్యమైన కంట్లో రెప్ప వేసిన తర్వాత మామూలుగా పది సెకన్లకు పైగా పగలకుండా ఉంటుంది. నా కంట్లో నాలుగు సెకన్లు. చదివేటప్పుడు, ఫోన్ చూసేటప్పుడు మనిషి రెప్ప కొట్టడం సగానికో, ఇంకా కిందికో పడిపోతుంది కాబట్టి అసలు కనిపించాల్సిన సమయంలోనే కనిపించదు. లెన్సు మార్చితే ఇది తగ్గదు. నాలుగు వేలు పోసి కళ్ళజోడు కొన్నాక తెలుసుకున్న సంగతి ఇది.

ఇంకో తమాషా ఏమిటంటే, పొడిబారిన కన్నే ఎక్కువ కారుతుంది. మంటకి కన్ను ఒక్కసారిగా పలచటి నీళ్ళు కక్కుతుంది, అవి బుగ్గ మీదికి జారిపోతాయి తప్ప పొరగా నిలవవు. అందుకే నా జబ్బు పేరు డ్రై ఐ అంటే ఎవరూ నమ్మరు. ఏడో తరగతి పిల్లలు “మేడం ఇవాళ కూడా ఏడ్చింది” అని గుసగుసలాడుకుంటారు. మా ఇంట్లో ఏదో గొడవ జరుగుతోందని స్టాఫ్ రూంలో కొన్నాళ్ళు జాలిపడ్డారు కూడా.

చివరికి హైదరాబాద్‌లో ఒక కార్నియా డాక్టరమ్మ నా కింది రెప్ప దగ్గర సన్నటి కాగితం ముక్క తగిలించి ఐదు నిమిషాలు కళ్ళు మూసుకోమంది. పది మిల్లీమీటర్లన్నా తడవాలట. మూడు తడిసింది. తర్వాత ఆవిడ కళ్ళ సంగతి వదిలేసి, “బిస్కెట్ తింటే నీళ్ళు లేకుండా దిగుతుందా? పొద్దున వేళ్ళు బిగుసుకుపోతాయా?” అని అడిగింది. రెండో ప్రశ్నకి నాకు నిజంగానే ఏడుపొచ్చింది, ఎందుకంటే కీళ్ళ డాక్టర్ దగ్గర నాది వేరే ఫైలు నడుస్తోంది. రక్త పరీక్షలయ్యాక షోగ్రెన్స్ సిండ్రోమ్ అని తేలింది. హెన్రిక్ షోగ్రెన్ అనే స్వీడన్ కంటి డాక్టర్ 1933లోనే దీన్ని వివరంగా రాశాడు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే కన్నీటి గ్రంథుల మీద, లాలాజల గ్రంథుల మీద దాడి చేస్తుంది. వచ్చిన పదిమందిలో తొమ్మిది మంది ఆడవాళ్ళే. డ్రై ఐ ఉన్న అందరికీ ఇది ఉండదు. చాలామందికి రెప్పల్లో నూనె గ్రంథులు మూసుకుపోవడం వల్లో, నెలసరి ఆగిపోయే వయసు వల్లో, జలుబు మాత్రల వల్లో, ఏసీ గదుల వల్లో వస్తుంది. కానీ ఆ రెండు ప్రశ్నలూ నన్ను అడిగే డాక్టర్ దొరకడానికి మూడేళ్ళు పట్టింది, హైదరాబాద్ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

రోజు ఎలా గడుస్తుందో కొంచెం చెబుతాను. పొద్దున లేవగానే కళ్ళు తెరవను. రెప్ప లోపల అంటుకుని ఉంటుంది, లాగితే పై పొర గీసుకుపోతుంది. దిండు పక్కన సీసా తడుముకుని, మూసిన కంటి మూలలో చుక్క వేసుకుని, అది లోపలికి జారేదాకా ఆగి అప్పుడు తెరుస్తాను. తర్వాత వేడి నీళ్ళలో ముంచిన గుడ్డ రెప్పల మీద పది నిమిషాలు. స్కూలుకి మా ఆయన బండి మీద వెళ్తాను, హెల్మెట్ అద్దం దించుకుని, లోపల మళ్ళీ పెద్ద కళ్ళజోడు. క్లాసులో ఫ్యాన్ ఆపమంటే పిల్లలు ఉడికిపోతారు, అందుకని నేనే మూలకి జరిగి నిలబడి పాఠం చెబుతాను. పద్యం పుస్తకం చూసి చదవడం మానేశాను. ఏళ్ళ తరబడి చెబుతున్న పద్యాలు కాబట్టి గడిచిపోతోంది. రాత్రి ఎదురుగా వచ్చే లారీ లైటు వంద ముక్కలై కనిపిస్తుంది, అందుకే స్కూటీ అమ్మేశాను.

నెలకు నాకు మందులకే రెండు వేలు దాటుతుంది. రోజుకు ఆరేడుసార్లు వేసుకునేవాళ్ళకి మామూలు చుక్కల మందు పనికిరాదు, అందులో పాడవకుండా కలిపే రసాయనమే కన్నును ఇంకా గీకుతుంది. అది లేనివి కొనాలి, ధర ఎక్కువ. పైగా మూత తీసిన సీసా నెల దాటితే మామూలుగా పారేయాల్సిందే. నేను జీతం తెచ్చుకునేదాన్ని, కొనుక్కుంటాను. ఈ ఉత్తరం నా కోసం రాయడం లేదు.

మా స్కూల్లో ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్ల తల్లి మిర్చి కల్లాల్లో తాలు ఏరడానికి వెళ్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా, ఎండలో, ఆ ఘాటులో, ఆ దుమ్ములో. పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినప్పుడు సంతకం పెట్టబోయి కాగితం మీద గీత ఎక్కడుందో వెతుక్కుంది. నాకు వెంటనే అర్థమైంది, నేనూ అలాగే వెతుక్కుంటాను కదా. కళ్ళకి ఏం వేస్తున్నావమ్మా అంటే చీరకొంగు ముడి విప్పి చిన్న సీసా చూపించింది. “మెడికల్ షాపాయన ఇచ్చిండు మేడం, ఇది ఏస్తే రెండు రోజుల్లో ఎరుపు తగ్గుద్ది. మూడేళ్ళ నుంచి ఇదే.” కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, రెప్ప కొట్టి కొట్టి పేరు చదివాను. స్టెరాయిడ్ కలిసిన చుక్కలు. ఎరుపు తగ్గే మాట నిజమే. డాక్టర్ చూడకుండా నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, నీటికాసులు వస్తాయి, శుక్లం తొందరగా ముదురుతుంది. నీటికాసుల్లో పోయిన చూపు మళ్ళీ రాదు. పొడిబారిన కన్ను చాలామందిలో మనిషిని గుడ్డిదాన్ని చేయదు. దానికి తెలియక వేసే మందు చేస్తుంది. డాక్టర్ చీటీ లేకుండా ఈ మందు అమ్మకూడదు. అమ్ముతున్నారు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగులో కోటిన్నర మందికి పైగా కళ్ళు చూశారు, 2023లో రెండో విడత నడిచింది. మా అత్తగారికి దగ్గరి చూపు అద్దాలు వచ్చాయి, ఇప్పటికీ వాటితోనే బియ్యం ఏరుతుంది. ప్రభుత్వాలు మారినా అలాంటి పని మారకూడదు. అయితే అద్దాలు, శుక్లం ఆపరేషన్ అనే లెక్కలో కూర్చున్న పథకంలో నాలాంటి కన్ను ‘నార్మల్’ గడిలోకే పోతుంది. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకి. నెలనెలా కొనే చుక్కలకి అందులో చోటు లేదు. ఇక వైకల్య సర్టిఫికెట్ అంటారా, చూపు కొలత అక్కడా ప్రధానంగా చార్టుతోనే. అది అడగడం లేదు, నాకు అక్కర్లేదు కూడా.

ప్రభుత్వానికి పొడి కన్ను కొత్తేమీ కాదు. విటమిన్ ఎ లోపంతో పిల్లల కళ్ళు పొడిబారి చూపు పోతుంటే 1970లో దేశమంతా పిల్లలకి ఆ మందు పోసే కార్యక్రమం మొదలైంది. దాని వెనక మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉంది. ఇవాళ్టికీ ఆరు నెలలకోసారి చెంచాతో పోస్తున్నారు. పిల్లల పొడి కన్నుని పట్టుకున్నవాళ్ళం, తల్లుల పొడి కన్నుని వదిలేశాం.

అడిగేవి పెద్దవి కావు. వచ్చే కంటి శిబిరాల్లో చార్టు దగ్గర ఇంకో ప్రశ్న చేర్చండి: “చదువుతుంటే, కుడుతుంటే మసకబారి, రెప్ప కొడితే మళ్ళీ తేటగా కనిపిస్తుందా?” ఆశా కార్యకర్త కూడా అడగగలిగిన ప్రశ్న ఇది. అవునన్నవాళ్ళ కంట్లో రంగు కాగితం ముక్క తాకించి, నీలి లైటులో పొర ఎన్ని సెకన్లకు పగులుతోందో చూడటం కంటి పరీక్ష నేర్చుకున్న టెక్నీషియన్‌కి నిమిషం పని. కన్నీటికి బదులుగా వేసుకునే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు ఖరీదైన మందేమీ కాదు, వాటిని బీపీ, షుగర్ మాత్రలతో పాటు పీహెచ్‌సీలో నెలనెలా ఇప్పించండి. ఎక్కువసార్లు వేసుకోవాల్సిన వాళ్ళకి జిల్లా ఆసుపత్రిలో రసాయనం కలపనివి ఉంచండి. ఔషధ నియంత్రణ అధికారుల్ని మిర్చి సీజన్‌లో మార్కెట్ల చుట్టూ ఉన్న షాపులకి ఒక్కసారి పంపి, స్టెరాయిడ్ చుక్కలు చీటీతో అమ్ముతున్నారో లేదో చూడమనండి. జ్వరం మాత్రో, ఫిట్స్ మాత్రో వికటించి ఒళ్ళంతా బొబ్బలెక్కి చర్మం ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ వచ్చి బతికి బయటపడినవాళ్ళ కళ్ళు నా కళ్ళ కన్నా వంద రెట్లు ఎండిపోతాయి. వాళ్ళకి స్క్లెరల్ లెన్సులు, అంటే కంటి మీద తడిని నిలిపి ఉంచే పెద్ద లెన్సులు, పెట్టే విద్య 1987 నుంచి హైదరాబాద్‌లో ఉన్న ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనే ఉంది. వాళ్ళతో కూర్చుని, జిల్లా డాక్టర్లకి రెండు రోజుల శిక్షణ పెట్టించడానికి బయటి దేశం నుంచి ఎవర్నీ పిలవక్కర్లేదు.

ఆ పిల్ల తల్లిని దసరా సెలవుల్లో నేనే ఖమ్మం తీసుకెళ్ళి కంటి డాక్టర్‌కి చూపించాను. ఒత్తిడి కొంచెం పెరిగిందట, ఇంకా మించిపోలేదట. పాత సీసా మాన్పించి చుక్కలు రాసిచ్చారు. మొదటి సీసా నేను కొన్నాను. రెండోది పీహెచ్‌సీలో అడిగితే ఇండెంట్ పెట్టామన్నారు. మొదటిది ఈ నెల ఇరవైతో అయిపోతుంది. జనవరిలో మిర్చి కోత మొదలవుతుంది.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్,
ఖమ్మం జిల్లా